జపాన్ యుద్ధ కళాశాల చెప్పని పాఠం

యుద్ధాన్ని గెలిపించేది తుపాకీ పట్టిన సిపాయా, పటం ముందు కూర్చుని పథకం వేసే అధికారా? మెయిజీ కాలపు జపాన్ పాలకులకి ఇద్దరూ కావాలనిపించింది. రెండో రకం వాళ్ళని తయారుచెయ్యడానికే 1882లో టోక్యోలో సైనిక యుద్ధ కళాశాలని స్థాపించారు.

1870-71 యుద్ధంలో ఫ్రాన్సుని ఓడించిన ప్రష్యా పద్ధతి మేలని తలచి, అక్కడినుంచి మేజర్ మెకెల్‌ని 1885లో రప్పించారు. ఆయన మూడేళ్ళు పాఠాలు చెప్పాడు. పటాల మీద ఉత్తుత్తి యుద్ధాలు ఆడించేవాడు. విద్యార్థులని ఊళ్ళమ్మట, కొండలమ్మట తిప్పి, ఇక్కడ శత్రువు ఎదురైతే ఏం చేస్తారని అడిగేవాడు.

ఇందులో సీటు దొరకడం సామాన్యం కాదు. పటాలంలో కనీసం రెండేళ్ళు పనిచేసిన కుర్ర అధికారులే పరీక్షకి కూర్చోవాలి. సాధారణంగా ఏటా నెగ్గేది సుమారు 50 మంది. చదువు మూడేళ్ళు. మొదటి ఆరుగురికి చక్రవర్తి పేరిట కత్తి బహుమానం! పట్టభద్రులు పాతకాలపు నాణెంలాంటి బిళ్ళ ఛాతీమీద పెట్టుకునేవారు. ఆ బిళ్ళ ఉన్నవాళ్ళకే పెద్ద పదవులు దక్కడంతో, లేనివాళ్ళకి కడుపుమంట. చివరికి 1936లో దాన్ని తీసేశారు. తర్వాత ప్రధాని అయిన టోజో 1915లో ఇక్కడ పట్టా పుచ్చుకున్నవాడే.

1904-05లో రష్యాపై గెలుపుతో దాడి మీద నమ్మకం మరీ పెరిగింది. ముట్టడి వ్యూహాలకున్న గౌరవం తిండి, బళ్ళు, మందుగుండు చేరవేసే లెక్కలకి లేకపోయింది.

దాని ఫలితం మన దేశపు గడ్డమీదే తేలింది. 1944 మార్చిలో జనరల్ ముటగుచి, 1917 నాటి పట్టభద్రుడు, బర్మానుంచి ఇంఫాల్ మీదికి సైన్యాన్ని నడిపాడు. వెంట ఉన్నది సుమారు మూడు వారాల తిండి. బరువులు మొయ్యడానికీ, ఆపైన కోసుకు తినడానికీ వేలాది పశువులని తోలుకెళ్ళారు. చదును నేలమీద బండి లాగే ఎద్దు ఏటికి అడ్డంపడి, నిట్రమైన కొండలెక్కగలదా? మా ఊళ్ళో ఏ పాలేరుని అడిగినా చెబుతాడు. దారిలోనే చాలావరకు చచ్చాయి. కొహిమా దగ్గర జనరల్ సాటో, ఆయనా ఈ కళాశాలవాడే, తిండి రావడంలేదని ఆజ్ఞని కాదని సేనని వెనక్కి మళ్ళించాడు. ఆయన పదవి ఊడింది. సుమారు 85,000 మందిలో 30,000 మంది దాకా చనిపోయారు. గుళ్ళకన్నా ఆకలి, రోగాలే ఎక్కువమందిని మింగాయి.

1945లో జపాన్ ఓటమితో కళాశాల మూతపడింది. అరవయ్యేళ్ళలో సుమారు 3,000 మంది తెలివైనవాళ్ళు అక్కడ చదివారు. తెలివికి కొదవ లేదు. నాట్లు మొదలెట్టేముందు కూలీల గింజలు చూసుకునే రైతుపాటి ముందుచూపుకి ఆ చదువులో మార్కులు తక్కువ. అంతే.