ఫొటో ప్రింటును చేతితో పట్టి పరిశీలించడం

4.3.1 ఉద్దేశం

గత విభాగంలో నెగటివ్ నుంచి ప్రింటు తయారయ్యే విధానాన్ని తెలుసుకొన్నారు. ఈ విభాగంలో ప్రింటును ఒక వస్తువుగా ఎలా పరిశీలించాలో తెలుసుకొందాం.

పుస్తకంలో కనిపించే ఫొటో నిజానికి సిరాచుక్కలతో అచ్చువేసిన నకలు. భూతద్దం పెడితే ఆ చుక్కలు కనిపిస్తాయి. ఫోనులో చూసేదీ నకలే. అక్కడ ప్రతి చిత్రమూ తెర కొలతకు ఒదిగిపోతుంది. కాగితం మందం, ఉపరితలం మెరుపు, అసలు కొలత, వెనుకవైపు స్టూడియో ముద్ర మనకు అందవు. దూరవిద్యలో ఈ లోటు మరీ ఎక్కువ. ఒక్క అసలు ప్రింటునైనా పట్టి చూడకుండానే కోర్సు పూర్తిచేసే ప్రమాదం ఉంది.

4.3.2 ఒకే నెగటివ్, వేరువేరు ప్రింట్లు

ఆన్సెల్ ఆడమ్స్ 1941లో అమెరికాలోని న్యూమెక్సికోలో 'మూన్‌రైజ్, హెర్నాండెజ్' అనే ఫొటో తీశారు. ఆ నెగటివ్‌ను దశాబ్దాల పాటు మళ్ళీ మళ్ళీ ప్రింటు చేశారు. తొలి ప్రింట్లలో ఆకాశం బూడిద రంగులో, మేఘాల చారలతో ఉంటుంది. తర్వాతి వాటిలో దాదాపు నల్లగా మారింది. కాబట్టి "ఆ ఫొటోలో ఆకాశం ఎలా ఉంది?" అని అడిగితే "ఏ ప్రింటులో?" అని మనం తిరిగి అడగాలి. పియానో నేర్చిన ఆడమ్స్ నెగటివ్‌ను స్వరలిపితోనూ, ప్రింటును కచేరీతోనూ పోల్చారు. ఆయన నెగటివ్‌లు, ప్రింట్లు అరిజోనా విశ్వవిద్యాలయంలో 1975లో ఏర్పడిన సెంటర్ ఫర్ క్రియేటివ్ ఫొటోగ్రఫీలో ఉన్నాయి.

4.3.3 ఇంట్లోనే అభ్యాసం

అసలు ప్రింట్ల కోసం అరిజోనా వెళ్ళనక్కరలేదు. తాతయ్య, అమ్మమ్మల కాలపు నలుపు-తెలుపు ఫొటోలు చాలావరకు జెలటిన్ సిల్వర్ ప్రింట్లే. ఒకటి తీసుకొని ఇలా చేయండి.

1. చేతులు కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. బల్లపై శుభ్రమైన తెల్లకాగితం పరవండి.
2. రెండు చేతులతో అంచులు పట్టుకోండి. బొమ్మ ఉన్నవైపు వేలు తగలనీయవద్దు.
3. కిటికీ పక్కన నిలబడి, ప్రింటును కొద్దిగా వంచి చూడండి. ముదురు భాగాల్లో, అంచుల వెంట అద్దంలాంటి నీలిమెరుపు కనిపిస్తే, వెండి ఉపరితలానికి వచ్చిందని అర్థం.
4. భూతద్దంతో చూడండి. హైదరాబాదులో ఆరవ నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ కాలంలో ఎక్కువగా వాడిన అల్బుమెన్ ప్రింటులో గుడ్డు తెల్లసొన పలుచని పొరకింద కాగితపు పీచు కనిపిస్తుంది. మందపు జెలటిన్ ప్రింటులో సాధారణంగా కనిపించదు.
5. వెనుకవైపు చదవండి. గమనించినవి వేరే కాగితంపై పెన్సిలుతోనే రాయండి.

ఫ్రేము అద్దానికి అతుక్కొన్న ఫొటోను ఊడదీయవద్దు. బొమ్మ పొర అద్దంతోపాటే వచ్చేస్తుంది. అలా ముఖం పోయిన పెళ్ళిఫొటోలను సంపర్క తరగతులకు తెచ్చి, బాగుచేయగలమా అని అడిగిన విద్యార్థులకు నేను జవాబు చెప్పలేకపోయాను.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఒకే నెగటివ్ నుంచి వచ్చిన ప్రింట్లు ఎందుకు వేరుగా ఉంటాయి?
2. మీ ఇంటి ప్రింటులో, ఫోనుతో తీసిన దాని నకలులో కనిపించని అంశాలు మూడు రాయండి.