పిల్లిని ముట్టనివారికీ పిల్లి జబ్బు

పిల్లి వల్ల వచ్చే జబ్బనగానే గోటి గాటు, చంకలో బిళ్ల కట్టడం, జ్వరం గుర్తొస్తాయి. 'ఇంట్లో పిల్లి ఉందా?' అని డాక్టరు అడిగేది అందుకే. అరకు, పాడేరు కొండల్లో ఆ ప్రశ్న చాలదు, ఏ ఊట నీళ్లు తాగుతున్నారో కూడా అడగాలి, ఎందుకంటే పిల్లి నుంచి నీళ్ల ద్వారా సోకే జబ్బు మరొకటి ఉంది. 2004-05లో చూపు మసకబారి కోయంబత్తూరు అరవింద్ కంటి ఆసుపత్రికి వచ్చినవారిలో 248 మందికి కారణం టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి అని తేలింది. అనుమానం మునిసిపల్ నీటి మీదికి మళ్లింది. 1995లో కెనడాలోని విక్టోరియా నగరంలోనూ ఇదే జరిగింది. అక్కడ గుర్తించిన 100 మందిలో 51 మందికి బిళ్లలు కట్టాయి, 19 మందికి రెటీనా వాచింది. అక్కడి జలాశయం పరిసరాల్లో పెంపుడు పిల్లులతోపాటు పిల్లి జాతికే చెందిన ప్యూమాలూ తిరిగేవి.

ఈ జీవి గుడ్లలాంటి తిత్తులు పిల్లి జాతి పేగుల్లోనే తయారవుతాయి. వేటకు కొత్తగా దిగిన పిల్లికూన ఈ జీవి సోకిన ఎలుకను తింటే, ఆ తర్వాత వారం రెండు వారాలపాటు లక్షలాది తిత్తులను మలంలో వదులుతుంది. మట్టిలో ఒకటి నుంచి ఐదు రోజుల్లో అవి సోకే దశకు చేరతాయి. చల్లని తడినేలలో నెలల తరబడి బతుకుతాయి. వాన పడితే గెడ్డలోకి, మూతలేని ఊటలోకి కొట్టుకొస్తాయి. ఆ నీళ్లు తాగినవారి కంట్లో ఈ జీవి రేపే పుండు, డాక్టరుకు మంచులో ఘాట్ రోడ్డు మీద ఎదురొచ్చే లారీ హెడ్‌లైటులా, మసక వెనక తెల్లగా కనిపిస్తుంది. రోగికి మాత్రం నల్లచుక్కలు తేలుతున్నట్టు ఉంటుంది. దీన్ని మామూలు వాపనుకుని స్టెరాయిడ్ ఒక్కటే ఇస్తే పుండు ముదురుతుంది. కోట్రైమోక్సజోల్ లాంటి చవక మందు తోడైతే అదుపులోకి వస్తుంది. అందుకే టాక్సోప్లాస్మాకు రక్తపరీక్ష అవసరం.

సోకినవారిలో ఎక్కువమందికి ఏమీ కాదు కదా, మలేరియా, క్షయ ఉన్నచోట దీని గోల ఎందుకంటారు. నిజమే, కానీ గర్భిణికి తొలిసారి సోకితే బిడ్డకూ చేరవచ్చు, ఆ బిడ్డ కంటిచూపు ఏళ్ల తర్వాత దెబ్బతినవచ్చు. ట్యాంకులో క్లోరిన్ కలుపుతున్నారుగా అంటే, మామూలు మోతాదుకు ఈ తిత్తులు చావవు, గుడ్డతో వడకట్టినా ఆగవు. మరిగిస్తే చస్తాయి. పిల్లుల్ని తరిమేయమనడం మాత్రం తప్పు. చోళ్లకూ ధాన్యానికీ కాపలా అవే, ఎలుకలు పెరిగితే లెప్టోస్పైరా జ్వరం భయం పెరుగుతుంది. పైగా అడవిపిల్లిని ఎవరు తరమగలరు? ప్రతి ఇంటా రోజూ నీళ్లు మరిగించమని చెబితే ఆ కట్టెలు మోసేది ఆడవాళ్లే. గర్భిణి ఉన్న ఇల్లు మరిగించుకోక తప్పదు. ఊరంతటికీ మేలైన దారి మాత్రం ఊట మొదట్లోనే ఉంది: రాతికట్టు కట్టి, పైన సిమెంటు పలక మూసి, వాననీరు పక్కకు పోయేలా గట్టు వేసి, అక్కడి నుంచి గొట్టంలో నీటిని ఊరికి దించడం.