నొప్పికి గేటు వేసే కరెంటు

ఆపరేషన్ అయినా తగ్గని నడుము నొప్పికి వెన్నుపాము పక్కన అమర్చే చిన్న యంత్రం కొందరికి ఊరటనిస్తోంది. ఆ కొందరు ఎవరు?

జడ్చర్లలో నడుము నొప్పి సంగతి తెలియాలంటే బాదేపల్లి మార్కెట్ యార్డుకు వెళ్లాలి. బస్తా దించిన హమాలీ చెయ్యి ముందు నడుము మీదికే పోతుంది. పాలమూరు లేబర్‌గా దేశమంతా తిరిగి ఆనకట్టలు కట్టి, కాలువలు తవ్వినవాళ్ల జిల్లా ఇది. పక్కనే పోలేపల్లి సెజ్‌లో మందుల ఫ్యాక్టరీలున్నాయి. అయినా కొన్ని నొప్పులు గోలీలకు లొంగవు.

డిస్కు ఆపరేషన్ బాగానే అయి ఉంటుంది. పిరుదు నుంచి పాదం దాకా మంట, తిమ్మిరి, షాకు కొట్టినట్టు పోటు మాత్రం పోవు. మూడు నెలలు దాటితే దాన్ని దీర్ఘకాలిక నొప్పి అంటారు. గాయం మానినా నరం ఊరుకోదన్నమాట.

మోకాలికి దెబ్బ తగిలితే గబుక్కున రుద్దుకుంటాం. ఆ స్పర్శ నొప్పి కబురును వెన్నుపాము దగ్గరే కొంత ఆపుతుంది. 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ చెప్పిన గేటు సిద్ధాంతం ఇదే. 1967లో అమెరికా న్యూరోసర్జన్ నార్మన్ షీలీ ఒక క్యాన్సర్ రోగి వెన్నులో ఎలక్ట్రోడు అమర్చి, స్పర్శకు బదులు కరెంటుతో దాన్ని ఆచరణలో పెట్టారు.

ఇప్పుడైతే రోగిని బోర్లా పడుకోబెట్టి, ఎక్స్‌రే తెర మీద చూస్తూ, సూది గుండా సన్నని తీగను వెన్నుపాము పొర బయటికి చేరుస్తారు. కాస్త కరెంటు వదులుతారు.

‘‘ఎక్కడ జివ్వుమంటోంది?’’

‘‘పిక్కల సార్.’’

‘‘ఇప్పుడు?’’

‘‘పాదంల.’’

జివ్వుమనడం నొప్పి ఉన్నచోటికి చేరేదాకా తీగను జరుపుతారు. అసలు జివ్వుమనకుండానే పనిచేసే కొత్త రకాలూ వచ్చాయి. దాదాపు వారం రోజుల పాటు బ్యాటరీని ఒంటి బయటే ఉంచి చూస్తారు. దీన్నే ట్రయల్ అంటారు. నొప్పి కనీసం సగం తగ్గితేనే పిరుదు పైభాగాన చర్మం కింద బ్యాటరీని అమరుస్తారు. లేకుంటే తీగ లాగేస్తారు.

చిక్కులూ ఉన్నాయి. తీగ జరగొచ్చు, ఇన్ఫెక్షన్ రావచ్చు. కొన్నేళ్లకు బ్యాటరీ మార్చాలి. ఖర్చు లక్షల్లో ఉంటుంది. షుగరు వల్ల వచ్చే కాళ్ల మంటలకు 2021లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీన్ని అనుమతించింది. నడుము నొప్పికి మాత్రం దీర్ఘకాలంలో మేలు చేస్తుందనడానికి ఆధారాలు చాలవని 2023లో వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్ష తేల్చింది.

మూల కారణం ఉండగా నొప్పిని కప్పెట్టడమూ ప్రమాదమే. నల్గొండలో ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్లలో కొందరికి ఎముక పెరిగి వెన్నుపామును నొక్కేసేది. అలాంటిచోట ముందు తీయాల్సింది ఆ ఒత్తిడిని. మూటలు మోసి పట్టేసిన నడుముకైతే వ్యాయామం, ఫిజియోథెరపీ తర్వాతే ఏదైనా.

ఎవరైనా ఈ యంత్రం పెట్టించుకోమంటే ట్రయల్ ఎన్నాళ్లని అడగండి. ఆ రోజుల్లో మూటలు ఎత్తకండి, నడుము వంచకండి. రోజూ ఎంత దూరం నడిచారో, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారో మాత్రం ఒక కాగితం మీద రాసుకోండి. లక్షలు కట్టేముందు ఆ కాగితం చూసుకోండి.