ఎథీనా ఉత్సవంలో ఒక బుట్ట

క్రీ.పూ. 514లో ఏథెన్స్‌లో జరిగిన ఒక రాజకీయ హత్య వెనుక ఒక బుట్ట ఉంది. నిరంకుశ పాలకుడు హిప్పియస్ తమ్ముడైన హిప్పార్కస్, తనను తిరస్కరించిన హర్మోడియస్ అనే యువకునిపై కక్ష పెంచుకున్నాడు. అతని సోదరిని ఒక ఊరేగింపులో బుట్ట మోయడానికి పిలిపించి, తీరా వచ్చాక ఆమె అందుకు తగదని వెనక్కి పంపించాడని చరిత్రకారుడు థూసిడిడీస్ వ్రాశాడు. హర్మోడియస్ తన మిత్రుడు అరిస్టోగైటన్‌తో కలిసి, మహా పానథెనాయా ఉత్సవం నాడే హిప్పార్కస్‌ను పొడిచి చంపాడు.

ఇంతకూ ఆ బుట్టలో ఉండేవి బలికి కావలసిన యవలు, కత్తి. దానిని తలకెత్తుకొని నడిచేది పేరున్న కుటుంబాల కన్యలు. ‘తగదు’ అన్న ఒక్క మాటతో ఆమె శీలమూ, ఇంటి పరువూ నగరమంతటి ఎదుట ప్రశ్నార్థకమయ్యాయి.

పానథెనాయా నగరదేవత ఎథీనాకు ఏటా వేసవిలో జరిగే పండుగ. నాలుగేళ్ళకొకసారి క్రీడలతో, సంగీతపు పోటీలతో మరింత వైభవంగా జరిగేది. విజేతలకు పెద్ద పెద్ద జాడీల నిండా పవిత్రమైన ఆలివ్ నూనె బహుమానం. దేవికి సమర్పించే వస్త్రాన్ని తొమ్మిది నెలల ముందే మగ్గానికి ఎక్కించేవారు; దేవతలు మహాకాయులతో చేసిన యుద్ధాన్ని దానిలో నేసేవారు. డిపిలాన్ ద్వారం దగ్గర బయలుదేరిన ఊరేగింపు అగోరా మీదుగా ఆక్రోపోలిస్ కొండకెక్కేది.

అందులో ఎవరు ఎక్కడ నడుస్తారన్నది వారి హోదాను చెప్పకనే చెప్పేది. వలసవచ్చి స్థిరపడిన ‘మెటిక్’లు పన్ను కట్టేవారు, యుద్ధానికీ వెళ్ళేవారు, ఓటుహక్కు మాత్రం లేదు. ఊరేగింపులో వారికీ చోటుండేది: ఊదారంగు వస్త్రాలు కట్టి, నైవేద్యపు పళ్ళాలు మోయడం. వారి కూతుళ్ళు పౌరుల కూతుళ్ళకు గొడుగు పట్టేవారు. దానిని ఆదరణ అనాలో, హద్దు గీయడం అనాలో తేల్చడం కష్టం, బహుశా రెండూను. క్రీ.పూ. 5వ శతాబ్దంలో ఏథెన్స్ తన మిత్రనగరాలు కూడా ఒక ఆవునూ, యుద్ధకవచాన్నీ పంపాలని శాసించింది. అక్కడ భక్తి కంటే కప్పమే ఎక్కువ కనిపిస్తుంది.

బలిమాంసం పంపకంలోనూ లెక్క ఉండేది. ఏ ‘డీమ్’ నుంచి, అంటే ఏ పేట నుంచి, ఊరేగింపుకు ఎంతమంది వస్తే దానికి అంత వాటా అని క్రీ.పూ. 4వ శతాబ్దపు శాసనం నిర్దేశించింది.

హర్మోడియస్‌ను అంగరక్షకులు అక్కడికక్కడే చంపారు. హిప్పియస్ పాలన మరింత క్రూరమై, క్రీ.పూ. 510లో స్పార్టా జోక్యంతో ముగిసింది. తరువాత హర్మోడియస్, అరిస్టోగైటన్‌లకు అగోరాలో విగ్రహాలు నిలిపారు. బుట్ట మోయనివ్వని ఆ అమ్మాయి పేరు థూసిడిడీస్ చెప్పలేదు.