పాద శస్త్రచికిత్స తరువాత ఆందోళన

పాద శస్త్రచికిత్స తరువాత ఆందోళన అనగా పాదానికి లేదా చీలమండకు శస్త్రచికిత్స జరిగిన వ్యక్తికి, తిరిగి మామూలుగా నడిచేంత వరకు కలిగే భయాలు, సందేహాలు, నిద్రలేమి, చిరాకు మొదలైనవి. ఇది దానంతట అదే ఒక వ్యాధి కాదు. చాలామందిలో సహజంగా కలిగి, గాయం మానేకొద్దీ తగ్గిపోతుంది. అయితే దీనివలన రెండు విధాలుగా హాని కలుగవచ్చును. కొందరు భయంతో వైద్యులు చేయమన్న కదలికలు కూడా మానివేస్తారు. మరికొందరు ఎన్నాళ్ళీ పడక అన్న ఆత్రుతతో గడువుకు ముందే పాదంపై బరువు మోపుతారు. ఏ బాధకు ఓర్పు సరిపోతుందో, ఏ బాధకు వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలో తెలిసి ఉంటే ఈ రెండు పొరపాట్లూ తప్పుతాయి. నడకపై ఎక్కువగా ఆధారపడిన అహోబిలం ప్రాంత జీవనాన్ని ఉదాహరణగా తీసుకొని ఈ విషయం ఇక్కడ వివరించబడినది.

అహోబిలం ప్రాంతంలో నడక

అహోబిలం నంద్యాల జిల్లా ఆళ్లగడ్డ మండలంలో, నల్లమల కొండలలో ఉన్న పుణ్యక్షేత్రం. 108 దివ్యదేశాలలో ఇది ఒకటి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడే వరకు ఇది కర్నూలు జిల్లాలో ఉండేది. ఇక్కడి తొమ్మిది నరసింహ ఆలయాలలో కొన్నింటికి వాహనాలు వెళతాయి. జ్వాలా నరసింహ ఆలయం వంటి వాటికి మెట్లు, బండరాళ్ళు, సెలయేళ్ళు దాటుతూ నడిచి వెళ్ళాలి. సంక్రాంతి తరువాత జరిగే పారువేట ఉత్సవంలో స్వామివారి పల్లకి సుమారు 40 రోజుల పాటు చుట్టుపక్కల గ్రామాలలో తిరుగుతుంది.

ఈ ప్రాంతంలో జీవనోపాధికి కూడా పాదాలే ఆధారం. కె.సి. కాలువ కింద వరి మడులలో పనిచేసే కూలీలు, ఆళ్లగడ్డలో గొంతుక్కూర్చుని రాతి విగ్రహాలు చెక్కే శిల్పులు, అడవిలో తేనె సేకరించే చెంచులు, పల్లకి మోసే బోయీలు - వీరిలో ఎవరికైనా కాలు కదలకపోతే ఆ రోజు సంపాదన ఉండదు. కనుక ఇటువంటి చోట పాద శస్త్రచికిత్స జరిగిన వ్యక్తి పడే ఆందోళన నొప్పిని గురించినది మాత్రమే కాదు. కుటుంబ పోషణ, మొక్కులు, ఊరిలో తన స్థానం అన్నీ అందులో కలిసి ఉంటాయి.

పాదం మానడానికి ఆలస్యం ఎందుకు?

ఒక్కొక్క పాదంలో 26 ఎముకలు, 33 కీళ్ళు ఉన్నాయి. శరీరంలోని మొత్తం 206 ఎముకలలో దాదాపు నాలుగో వంతు రెండు పాదాలలోనే ఉన్నాయన్నమాట. నిలబడినప్పుడు శరీరపు బరువంతా వీటిపైనే పడుతుంది. పాదం గుండెకు చాలా దూరంలో, కింది భాగంలో ఉండటం వలన అక్కడికి చేరిన రక్తం, ద్రవాలు తిరిగి పైకి రావడం కష్టం. అందువలన చేతికి తగిలిన గాయం కంటే కాలి గాయం నెమ్మదిగా మానుతుంది.

సాధారణంగా 10 నుండి 14 రోజులలో కుట్లు విప్పుతారు. మధుమేహం ఉన్నవారికి ఇంకా కొన్ని రోజులు ఆగవలసి రావచ్చును. విరిగిన ఎముక అతకడానికి 6 నుండి 12 వారాలు పడుతుంది. వాపు పూర్తిగా తగ్గడానికి 6 నెలలు, కొన్నిసార్లు సంవత్సరం కూడా పట్టవచ్చును. మడిపని, రాళ్ళు మోయడం వంటి బరువు పనులకు చాలామంది 3 నుండి 6 నెలల తరువాతనే తిరిగి వెళ్ళగలుగుతారు. శస్త్రచికిత్స రకాన్ని బట్టి ఈ గడువులు మారుతాయి. ఈ విషయం ముందుగా తెలియనివారు నెల తిరిగేసరికి ఇంకా వాపు ఉన్నదని చూసి, చికిత్స విఫలమైనదని భయపడతారు.

సాధారణంగా కలిగే భయాలు

వాపు, రంగు మార్పు: కాలు కిందికి వేలాడదీయగానే పాదం ఉబ్బి ఎర్రగానో, నీలంగానో మారి, పైకి ఎత్తిపెట్టగానే తగ్గితే అది సాధారణంగా కంగారు పడవలసిన విషయం కాదు. పడుకున్నప్పుడు మడమ కింద ఒత్తిడి పడకుండా పిండలి కింద దిండ్లు వేసి, పాదాన్ని గుండె కంటే ఎత్తులో ఉంచాలి.

తిమ్మిరి, చురుకులు: కోత పెట్టిన చోట సన్నని నరాలు దెబ్బతినడం వలన కొంతకాలం స్పర్శ తగ్గవచ్చు, చీమలు పాకినట్లు ఉండవచ్చు. వేలు తొలగించబడినవారికి లేని వేలిలో నొప్పి ఉన్నట్లు అనిపించడం కూడా వైద్యశాస్త్రానికి తెలిసినదే. అది పిచ్చి కాదు, భ్రమ కాదు. ఆ వేలికి సంబంధించిన నరాలు, మెదడులోని భాగాలు ఇంకా పనిచేస్తూ ఉండటమే దానికి కారణం.

రాత్రివేళ నొప్పి: పగలు మాటలతో, పనులతో మనసు మళ్ళుతుంది. రాత్రి నిశ్శబ్దంలో ధ్యాసంతా పాదం మీదికి పోతుంది. రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ 1965లో ప్రతిపాదించిన ద్వార నియంత్రణ సిద్ధాంతం ప్రకారం, నొప్పి సంకేతాలు వెన్నుపాములో హెచ్చవచ్చు, తగ్గవచ్చు; భయం, ఏకాగ్రత వంటి మానసిక స్థితులు కూడా దానిని ప్రభావితం చేస్తాయి. కనుక భయం తగ్గితే నొప్పి కూడా కొంత తగ్గడం ఊహ మాత్రమే కాదు.

పథ్యం: పప్పు తింటే చీము పడుతుందని, వంకాయ తింటే పుండు మానదని తెలుగునాట బలమైన నమ్మకం ఉంది. వైద్యశాస్త్రం దీనిని సమర్థించదు. గాయం మానడానికి మాంసకృత్తులు అవసరం. పప్పు, గుడ్లు, పాలు, చేపలు అందుకు ఉపయోగపడతాయి. మూత్రపిండాల వ్యాధి, మధుమేహం వంటివి ఉన్నవారు మాత్రం తమ వైద్యులు చెప్పిన ఆహార నియమాలు పాటించాలి. నిజంగా మానవలసినవి బీడీ, సిగరెట్టు. పొగాకులోని నికోటిన్ రక్తనాళాలను కుదించి, గాయం మానడాన్ని, ఎముక అతకడాన్ని ఆలస్యం చేస్తుంది.

ఆలస్యం చేయకూడని లక్షణాలు

కింది లక్షణాలు కనిపించినప్పుడు ధైర్యం చెప్పుకొని ఇంట్లో కూర్చోకూడదు.

- చలితో జ్వరం, గాయం నుండి చీము లేదా దుర్వాసన, చుట్టూ వ్యాపిస్తున్న ఎర్రదనం
- కాలు ఎత్తిపెట్టినా, మందు వేసుకున్నా తగ్గకుండా పెరిగే నొప్పి
- వేళ్ళు చల్లబడటం, తెల్లగా లేదా నల్లగా మారడం, కదలకపోవడం
- కట్టు లేదా పిండికట్టు బిగుసుకుపోయినట్లు ఉండటం, దాని లోపల కొత్తగా మంట లేదా వాసన
- పిండలిలో నొప్పి, వాపు. ఇది రక్తం గడ్డకట్టిన సూచన కావచ్చును
- హఠాత్తుగా ఆయాసం, ఛాతీలో నొప్పి. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరి ఉండవచ్చు కనుక వెంటనే 108కు ఫోను చేయాలి

మధుమేహం వలన పాదాలలో స్పర్శ తగ్గినవారికి నొప్పి తెలియకపోవచ్చును. వీరు నొప్పి లేదు కదా అని ఊరుకోకుండా, వేళ్ళను, మడమను, కట్టు బయట కనిపించే భాగాన్ని ప్రతిరోజూ అద్దంతో గానీ, ఇంట్లో వారి సహాయంతో గానీ పరిశీలించుకోవాలి. గాయంపై పసుపు, ఆకు పసర్లు, బూడిద వంటివి వేయరాదు.

కట్టు కింద ఉన్న గాయం ఎంత ముఖ్యమో నర్తకి సుధా చంద్రన్ జీవితం తెలుపుతుంది. 1981లో జరిగిన బస్సు ప్రమాదంలో ఆమె కాలికి దెబ్బ తగిలింది. గాయం కుళ్ళడంతో మోకాలి కింది భాగం తొలగించవలసి వచ్చింది. తరువాత జైపూర్ పాదం అమర్చుకొని ఆమె మళ్ళీ నాట్యం చేసింది. ఈ కృత్రిమ పాదాన్ని 1960వ దశకం చివరలో జైపూర్‌లో శిల్పి రామచంద్ర శర్మ, వైద్యుడు పి.కె. సేఠీ రూపొందించారు. ఆమె కథ ఆధారంగా సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో 1985లో వచ్చిన తెలుగు చలనచిత్రం మయూరిలో ఆమె స్వయంగా నటించింది. గాయాన్ని కనిపెట్టి ఉండవలసిన అవసరాన్ని, పెద్ద నష్టం తరువాత కూడా జీవితం ఆగిపోదన్న సత్యాన్ని ఈ ఒక్క ఉదాహరణ తెలియజేస్తుంది.

ఆందోళనను అదుపులో ఉంచే పద్ధతులు

ప్రశ్నలు వ్రాసుకోవడం: మనసులో తిరిగే భయాలను ఒక పుస్తకంలో వ్రాసి, తదుపరి పరీక్షకు వెళ్ళినప్పుడు వైద్యుని అడగాలి. పాదంపై ఎంత బరువు మోపవచ్చు, ఏ తేదీ నుండి, ఏ వ్యాయామం ఎన్నిసార్లు అన్న మూడు విషయాలు తప్పక తెలుసుకోవాలి. ఎప్పుడు నడుస్తానో అన్న అంతులేని ప్రశ్న కంటే, ఫలానా తేదీన ఎక్స్‌రే తీస్తారన్న సమాధానం మనసుకు ఎక్కువ నెమ్మదినిస్తుంది.

ఆందోళనకు వేళ కేటాయించడం: అమెరికా మనస్తత్వవేత్త థామస్ బోర్కోవెక్, ఆయన సహచరులు 1983లో ఈ పద్ధతిని ప్రకటించారు. రోజుకు అరగంట సమయాన్ని, ఒకే చోటును ఇందుకు నిర్ణయించుకొని, మిగిలిన వేళల్లో వచ్చే దిగులును ఆ సమయానికి వాయిదా వేయాలి. నిద్రపోయే ముందు సమయం, పడక మంచం ఇందుకు పనికిరావు.

నెమ్మదైన శ్వాస: తీసుకునే శ్వాస కంటే వదిలే శ్వాస దీర్ఘంగా ఉండేలా కొన్ని నిమిషాల పాటు గాలి పీల్చి వదిలితే గుండెదడ, కండరాల బిగువు తగ్గుతాయి.

పడక స్థలం: రోజర్ ఉల్రిచ్ 1984లో ప్రచురించిన పరిశోధనలో, పిత్తాశయ శస్త్రచికిత్స తరువాత కిటికీలోంచి చెట్లు కనిపించిన రోగులు, ఇటుక గోడ మాత్రమే కనిపించిన వారికంటే త్వరగా ఇంటికి వెళ్ళారు, బలమైన నొప్పి మందులు కూడా తక్కువగా వాడారు. అది పాదానికి సంబంధించిన పరిశోధన కాకపోయినా, మంచాన్ని చీకటి గదిలో కాక కొండో, చెట్టో, వీధో కనిపించే వసారాలో వేయడానికి ఖర్చేమీ కాదు.

అనుమతించిన కదలిక: వైద్యులు చెప్పిన మేరకు వేళ్ళు, మోకాలు కదిలించడం వలన కీళ్ళు బిగుసుకుపోవు, రక్తప్రసరణ బాగుంటుంది. చంకకర్రలతో మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు శస్త్రచికిత్స జరిగిన కాలు ముందు వేయాలి. పడిపోతానన్న భయం అభ్యాసం వలననే పోతుంది.

కుటుంబ సభ్యుల పాత్ర

పడకపై ఉన్న వ్యక్తిని ఎక్కువగా బాధించేది పరాధీనత. మరుగుదొడ్డికి కూడా ఒకరి సహాయం కోరవలసి రావడం పెద్దవారికి అవమానంగా తోచి, కొందరు నీళ్ళు తాగడం కూడా తగ్గిస్తారు. ఇది ఆరోగ్యానికి మంచిది కాదు. గొంతుక్కూర్చోవలసిన పని లేకుండా మధ్యలో రంధ్రం ఉన్న కుర్చీ అమర్చడం, రాత్రి దారిలో దీపం వెలిగించి ఉంచడం, జారే పట్టాలు తీసివేయడం వలన ఈ ఇబ్బంది చాలావరకు తొలగుతుంది. కూర్చొని చేయగల పనులు, అనగా కూరగాయలు తరగడం, లెక్కలు చూడటం, పిల్లలకు చదువు చెప్పడం వంటివి అప్పగిస్తే తాను భారమయ్యానన్న భావన తగ్గుతుంది. పలకరించడానికి వచ్చినవారు ఫలానా వారికి కాలు తీసివేశారట వంటి కథలు చెప్పకుండా చూడటం కూడా ఇంటివారి బాధ్యతే.

మొక్కులు, కొండ దారి

కాలు బాగైతే కొండ ఎక్కి వస్తానని మొక్కుకోవడం ఈ ప్రాంతంలో సాధారణం. మొక్కు మనసుకు బలమిస్తుంది. కానీ గడువుకు ముందే దానిని తీర్చుకోవాలన్న తొందర పాదానికి చేటు. వైద్యుని అనుమతి లభించిన తరువాత మొదట ఇంటి ముంగిట, తరువాత వాహనం వెళ్ళే దిగువ అహోబిలం ఆలయంలో, ఆ తరువాత ఎగువ అహోబిలంలో నడిచి, పాదం పూర్తిగా బలపడిన తరువాత మాత్రమే జ్వాలా నరసింహ ఆలయ మార్గం వంటి రాళ్ళ దారికి వెళ్ళడం మంచిది. ఆలయాలలో చెప్పులు విడవాలి కనుక స్పర్శ తగ్గిన మధుమేహ రోగులు ఎండవేళ కాలిన రాతి మీద నడవకుండా ఉదయం పూట దర్శనం చేసుకోవాలి.

వైద్య సహాయం

నంద్యాలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. 1957లో స్థాపించబడిన కర్నూలు వైద్య కళాశాలకు అనుబంధంగా కర్నూలులో ప్రభుత్వ సర్వజన వైద్యశాల ఉంది. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం ఎముకలు, కీళ్ళ చికిత్సకు బర్డ్ ఆసుపత్రిని నిర్వహిస్తోంది. ఖర్చును గురించిన దిగులు ఉన్నవారు 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, 2024 నుండి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవగా పిలువబడుతున్న పథకం తమ చికిత్సకు వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలో అడిగి తెలుసుకోవచ్చును.

దిగులు రెండు వారాలకు మించి రోజంతా ఉండటం, ఆహారంపై, మనుషులపై ఆసక్తి పోవడం, బతకడం దండగ అన్న ఆలోచనలు రావడం కుంగుబాటు లక్షణాలు. అటువంటి ఆలోచనలు వచ్చినప్పుడు రెండు వారాలు ఆగనవసరం లేదు. 2022 అక్టోబరు 10న భారత ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో రాత్రింబగళ్ళు ఉచితంగా ఫోను చేయవచ్చును. పాదానికి వైద్యం చేయించుకోవడం ఎంత సహజమో, ఆ పాదం మానే వరకు మనసుకు సహాయం కోరడం కూడా అంతే సహజం.