కావలికుక్కలకు మాటిమాటికి వచ్చు గుదగ్రంథుల బాధ

ఎద్దు కుంటినచో నాటిదినమే పశువైద్యుని కడకు తోలుకొని పోవుదుము. బఱ్ఱె పాలు తగ్గించినచో మనకు రాత్రి నిద్ర పట్టదు. కాని ఆ యెద్దును, ఆ బఱ్ఱెను, గొఱ్ఱెలమందను, కూరగాయల మడిని రాత్రియంతయు మేల్కొని కాచు కుక్కకు బాధ కలిగినపుడు దానిని విచారించువారు మనలో మిక్కిలి తక్కువ. కుక్క నోరులేని జంతువు. తన బాధను చేష్టలచేతనే తెలుపుకొనవలెను. అట్టి చేష్ట యొకదానిని గూర్చి యీ మాసమున వ్రాయదలచితిమి.

మహేశ్వరము, శంషాబాదు ప్రాంతమున కుక్క లేని కొట్టము అరుదు. 2008వ సంవత్సరము మార్చి మాసమున విమానాశ్రయము ప్రారంభమైన పిదప మన చుట్టుపట్ల పొలములు అనేకము ప్లాట్లయినవి, తోటయిండ్లు వెలసినవి. నాటుకుక్కలతోపాటు పైజాతి కుక్కలును వచ్చినవి. జాతి యేదైనను, కుక్క యొక్కొక్కప్పుడు పిఱుదులు నేల కాన్చి, ముందుకాళ్లతో నీడ్చుకొనుచు పోవుట మీరందఱు చూచియుందురు. పిల్లలు చూచి నవ్వుదురు. పెద్దలు కడుపులో పురుగులందురు. దుర్వాసన వచ్చినచో వాకిటినుండి తఱిమివేయుదురు. ఇది నవ్వవలసినదియు కాదు, తఱుమవలసినదియు కాదు. తోకక్రింద నుండు రెండు చిన్న తిత్తులలో బాధ కలిగినదనుటకు అది తఱచుగా గుఱుతు.

ఈ విషయమున మేమును తప్పు చేసినవారమే. మా టమాట తోటను కాచు కుక్క నాలుగేండ్ల క్రిందట ఇట్లే ఈడ్చుకొనసాగెను. పురుగులని తలచి మూడుమారులు మాత్రలు వేసితిమి, తగ్గలేదు. పిదప కుక్కల పోషణ తెలిసినవాడను నొకడు వచ్చి, తోకక్రింద నొక్కి పిండగా నల్లని దుర్వాసనద్రవము వెలువడెను. కుక్కకు సుఖమయ్యెను. అది మొదలు నెలకొకమారు పిండించుటయే వైద్యమనుకొంటిమి. నెలగడువు పదునైదు దినములయ్యెను; పదునైదు దినములు వారమయ్యెను. తుదకు ఒక ప్రక్క వాచి, పగిలి, చీము నెత్తురు కాఱెను. ఆ గాయమును కడుగబోయిన మా పిల్లవాని చేతిని, అంతకుముందు ఎవ్వరిని కఱవని ఆ కుక్క కఱచెను. పిల్లవానిని ఆరోగ్యకేంద్రమునకు, కుక్కను పశువైద్యశాలకు ఒకే దినమున తీసికొనిపోవలసి వచ్చెను. వైద్యుడు గాయమును చూచి, మొదట అడిగిన ప్రశ్నలు రెండు: “దీని తిండి యేమి? మలము గట్టిగా నుండునా, జాఱుగా నుండునా?” ఆ ప్రశ్నలను మేము ఒక్కనాడును వేసికొనలేదు. మా తప్పు మరియొకరు చేయకుండుటకే యీ వ్యాసము.

గ్రంథులు ఎచ్చట నుండును? వాని పని యేమి?

కుక్క తోక నెత్తి చూచినచో మలద్వారము కనబడును. దానిని గడియారపు ముఖమనుకొన్నచో, 4 గంటల అంకె యుండు చోటను, 8 గంటల అంకె యుండు చోటను చర్మము క్రింద చెఱియొక తిత్తి యుండును. కుక్క పరిమాణమునుబట్టి శనగగింజంత మొదలు ద్రాక్షపండంత వఱకు నుండవచ్చును. ఒక్కొక్క తిత్తినుండి సన్నని నాళము వచ్చి మలద్వారపు అంచున తెఱచుకొనును. తిత్తిలో ఘాటైన వాసన గల ద్రవము ఊరుచుండును. రెండు కుక్కలు ఎదురుపడినపుడు ముందుగా ఒకదాని వెనుక నొకటి వాసన చూచుట మనము నిత్యము చూచునదే. ఒకదానినొకటి గుఱుతించుటకు ఆ వాసన తోడ్పడును. పిల్లికిని ఇట్టి తిత్తులు గలవు.

ఈ తిత్తులు ఖాళీ యగు విధమును రైతు ముఖ్యముగా తెలిసికొనవలెను. గట్టిగా, రూపు గలిగి మలము వెడలునపుడు అది యిరుప్రక్కల తిత్తులను నొక్కును. ద్రవము తనంతట వెలికి వచ్చును. మలము జాఱుగా నున్నచో ఆ నొక్కుడు లేదు. ద్రవము నిలిచి, చిక్కబడి, ముద్దవలె నగును. సన్నని నాళము మూసికొనిపోవును. కదలక నిలిచిన ద్రవమున సూక్ష్మజీవులు పెరిగి చీము పట్టును. తిత్తి పుండై పగులును. చెఱువు తూము పూడినచో నీరు కట్టపై వత్తిడి చేసి యెక్కడనో గండి పెట్టును గదా, ఇదియు నట్టిదే.

లక్షణములు

ఈడ్చుకొనుట, తోకక్రింద మాటిమాటికి నాకుకొనుట, కొఱుకుకొనుట, కుళ్లిన చేపవాసన వంటి వాసన, కూర్చుండబోయి దిగ్గున లేచుట, మలవిసర్జన సమయమున మూలుగుట: ఇవి మొదటి గుఱుతులు. మలద్వారపు ఒక ప్రక్క ఎఱ్ఱబడి, వేడిగా వాచి, తాకనీయకున్నచో చీము పట్టినదని తెలియవలెను. పగిలి నెత్తురు కాఱినచో జాగు చేయరాదు. ఆ పుండుపై ఈగ వ్రాలినచో ఒకటి రెండు దినములలోనే పురుగు పట్టును.

ఈడ్చుకొనుటకు కారణము ఎల్లప్పుడును ఈ తిత్తులే యనుకొనరాదు. తోకచుట్టును, మలముపైనను బియ్యపుగింజల వంటి తెల్లని తునకలు కనబడినచో అది బద్దెపురుగు. ఒక జాతి బద్దెపురుగు కుక్క మేని గోమార్లవలన వచ్చును. గోమారును కుక్క కొఱికి మ్రింగినపుడు పురుగు లోనికి పోవును. కావున మాత్ర వేసి గోమార్లను విడిచినచో పురుగు మరల వచ్చును. తోక మొదట బొచ్చు రాలి గజ్జి వలె నున్నచో చర్మవ్యాధి యని తలంపవలెను. చూచి తెలిసికొనకయే నెలనెలకు పురుగుల మాత్ర వేయుట వలన, మాకు వలెనే, కాలమును ధనమును వ్యర్థమగును.

మాటిమాటికి ఏల వచ్చును?

ఒక్కమారు వచ్చి పోయిన బాధను గూర్చి చింత లేదు. తగ్గి, మరల వచ్చి, మరల తగ్గునదానికి వెనుక నొక మూలకారణము ఉండితీరును. అవి ముఖ్యముగా నాలుగు.

మొదటిది తిండి. మన యిండ్లలో కుక్కకు మిగిలిన అన్నము, పాలు, మజ్జిగ వేయుదుము. కోడిమాంసపు దుకాణములనుండి తోళ్లు, ప్రేగులు తెచ్చి వేయుదుము. పెండ్లి విందులలో మిగిలిన బిర్యాని వేయుదుము. పెద్ద కుక్కలు పెక్కింటికి పాలు సరిపడవు. క్రొవ్వు మిక్కుటమైన తోళ్లవలన విరేచనములగును. విందుకూరలలోని యుల్లి కుక్క రక్తకణములను చెఱచును. ఇట్టి తిండిచేత మలము గట్టిపడదు, తిత్తులు ఖాళీ కావు. గొఱ్ఱెలు పెంచువారికి ఇంకొక హెచ్చరిక. కోసిన గొఱ్ఱె కాలేయమునందో ఊపిరితిత్తులందో నీటిబుడ్డలు కనబడినచో దానిని కుక్కకు వేయరాదు. అందుండి కుక్కకు వచ్చు బద్దెపురుగు గ్రుడ్లు మనుష్యుల కడుపులోనికి పోయి, మన కాలేయమునందును అట్టి బుడ్డలనే పుట్టించును. దానిని లోతుగా పూడ్చిపెట్టవలెను.

రెండవది క్రొవ్వు. గొలుసున కట్టి, మూడు పూటలు మేపు కుక్క బలియును. ప్రక్కటెముకలను చేతితో తడిమినపుడు అవి తెలియవలెను. తెలియనిచో కుక్క మితిమీరి బలిసినదన్నమాట. బలిసిన కుక్కకు తిత్తులు చక్కగా నొక్కుడుపడవు.

మూడవది చర్మపు దురద. కాళ్లవ్రేళ్లను నాకుకొనుచు, చెవులను గోకుకొనుచు నుండు కుక్కకు తోకక్రిందను దురద యుండును. ఆ చర్మము వాచుటతో నాళమును ఇఱుకగును. గోమార్లను పోగొట్టక, దురదకు వైద్యము చేయింపక తిత్తులను మాత్రమే చూచినచో ప్రయోజనము లేదు.

నాలుగవది పుట్టుకతో వచ్చిన ఇఱుకు నాళము. చిన్నజాతి కుక్కలలో ఈ బాధ తఱచుగా కనబడును.

ఇవిగాక, ముసలి కుక్కలకు ఆ స్థలమున దుష్టమైన కంతి పుట్టవచ్చును. గట్టిగా గడ్డవలె తగులుట, మలము సన్ననై వెడలుట, మితిమీరి నీరు త్రాగుట, మూత్రము ఎక్కువగుట దాని సూచనలు. ముసలి కుక్కకు ఈ బాధ మరల వచ్చినపుడు వైద్యునిచే వ్రేలితో పరీక్షింపజేయుట తప్పనిసరి.

పిండుట వైద్యమా?

నిండిన తిత్తిని ఖాళీ చేయుట వలన బాధ తీరునుగాని కారణము తీరదు. ఆరోగ్యముగా నున్న కుక్కకు అలవాటుగా పిండవలసిన పనియే లేదు. తెలియనివాడు గట్టిగా, మాటిమాటికి పిండినచో తిత్తి లోపలి పొర గాయపడి, వాచి, నాళము మఱింత ఇఱుకగును. అంతట మరల నిండును, మరల పిండవలయును. మా కుక్కకు నెల వారమైనది ఇందుచేతనే. వాచి ఎఱ్ఱబడిన తిత్తిని నొక్కుట మఱియు ప్రమాదము. అది లోపల పగులవచ్చును.

వైద్యుడు తొడుగు తొడిగిన వ్రేలితో పరీక్షించి మెల్లగా ఖాళీ చేయును. ముద్ద గట్టినచో మత్తిచ్చి, ఉప్పునీటితో తిత్తిని కడిగి మందు నింపును. చీమున్నచో కోసి వెడలించి, తగిన మందులు వ్రాసియిచ్చును. నాకకుండ మెడకు గరాటువంటి పట్టెడ తగిలించును. మందులు చెప్పిన దినములన్నియు ఇయ్యవలెను. మూడవనాడు సుఖముగా నున్నదని మానరాదు. ఎన్ని చేసినను మరల మరల వచ్చుచున్నచో తిత్తులను కోసి తీసివేయు శస్త్రచికిత్స గలదు. అది కడపటి యుపాయము. మలమును పట్టు కండరములు చేరువనే యుండుటచే, అవి దెబ్బతిన్నచో మలము నిలుపుకొనలేకపోవు నపాయము గలదు. కావున అనుభవముగల వైద్యుని చేతనే చేయింపవలెను.

ఇంట చేయదగినవి, చేయరానివి

వాపు కనబడినచో శుభ్రమైన గుడ్డను గోరువెచ్చని నీట ముంచి, పిండి, దినమునకు రెండుమారులు పది నిమిషములు కాపడము పెట్టవచ్చును. పిదప వైద్యశాలకు తీసికొనిపోవలెను. కిరసనాయిలు, కాలిన యింజను నూనె, సున్నము, కారము పూయరాదు. వాతలు పెట్టరాదు. పురుగు పట్టిన పుండుపై పొలమున చల్లు మందులను చల్లుట మఱింత ఘోరము. కుక్క దానిని నాకి ప్రాణము విడుచును. మనుష్యుల నొప్పిమాత్రలు ఈయరాదు. ఐబుప్రోఫెన్ వంటివి కుక్క కడుపున పుండ్లు పుట్టించి మూత్రపిండములను చెఱచును.

తిండిని ఒక్కనాడే మార్చక వారము దినములలో మెల్లగా మార్చవలెను. పాలు, తోళ్లు మాని, అన్నముతో ఉడికిన మాంసమునో గ్రుడ్డునో కలిపి, ఉప్పు కారములు లేక ఉడికించిన గుమ్మడి, క్యారెట్టు వంటివి కొంచెము చేర్చవలెను. పీచు గల తిండి మలమునకు రూపు నిచ్చును. వైద్యుడు చెప్పినచో ఇసబ్గోలు పొట్టును నీటితో కలిపి పెట్టవచ్చును. నీరు చాలనిచో అది మలమును బిగించును. దినమున కొకమారు మలమును చూచుట అలవాటు చేసికొనుడు. చేతితో ఎత్తినపుడు రూపు చెడక నిలిచినచో తిండి సరిపడినదని యెఱుగునది.

కాటు భయము

నొప్పిలో నున్న కుక్క తన యజమానినైనను కఱచును. కావున పరీక్షకు ముందు మూతి కట్టవలెను. మెత్తని గుడ్డపేలికను ముక్కుపై ఉచ్చువలె వేసి, దవడక్రింద ముడివేసి, చెవుల వెనుకకు తెచ్చి కట్టునది. రొప్పుచున్న కుక్కకు, వాంతి చేసికొనుచున్న కుక్కకు, ఎండలో నున్న కుక్కకు కట్టరాదు. పని ముగిసినతోడనే విప్పవలెను. పిల్లలను దగ్గఱకు రానీయరాదు.

కఱచినచో, గీరినచో, గాయమును ధారగా పాఱు నీటితో, సబ్బుతో పదునైదు నిమిషములు కడిగి, నాడే ఆరోగ్యకేంద్రమునకు పోవలెను. పసరులు కట్టుట, మంత్రించుట వలన కాలము పోవును. పిచ్చికుక్క వ్యాధి లక్షణములు పైకి వచ్చిన పిమ్మట ప్రాణము నిలుచుట దాదాపు లేదు. 1885వ సంవత్సరము జూలై 6వ తేదిని లూయీ పాస్టరు కుక్కకాటు తిన్న బాలునికి తొలి టీకా వేయించెను. ఆ దినమున ఏటేట పలుచోట్ల పశువైద్యశాలలలో కుక్కలకు ఉచితముగా టీకాలు వేయుచుందురు. మన కుక్కలకు ఆ టీకా వేయించుట మనయింటి పిల్లలకు రక్ష.

మన సంఘము చేయదగిన పని

ఒక్కొక్కరు కుక్కను పట్టుకొని పట్నము పోవుట కష్టము. పదిమంది కలిసినచో సులభము. సంఘపు పాలకేంద్రము కడ మూతిపట్టీలు రెండు మూడు, తూనిక యొకటి ఉంచవచ్చును. పశువైద్యుని పిలిపించి ఏటి కొకమారు టీకాలు, పరీక్షలు చేయింపవచ్చును. కఠినమైన రోగములకు రాజేంద్రనగరమందలి పశువైద్య కళాశాల మనకు దూరము కాదు. హైదరాబాదులో 1946లో ఏర్పడిన పశువైద్య విద్య నేడు అచ్చట, 2014లో ఏర్పడిన విశ్వవిద్యాలయము క్రింద సాగుచున్నది.

మా కుక్క నేటికిని తోట కాచుచున్నది. తోళ్లు మానినది, మజ్జిగ మానినది, కొంత సన్నబడినది. గత యేడాదిలో దానిని పిండవలసిన యవసరము రాలేదు. మేము చేసిన క్రొత్తపని యేమియు లేదు. వైద్యుడడిగిన ఆ రెండు ప్రశ్నలను ప్రతిదినము మాకు మేమే వేసికొనుచున్నాము. మీ కుక్క నేలపై నీడ్చుకొనుచు పోవునపుడు మీరును నవ్వక, తఱుమక, పిండక, మొదట దాని తిండిగిన్నెను చూడుడని మా మనవి.