బటన్ నొక్కగానే హీరో దూకాలి: గేమ్ యానిమేషన్ కెరీర్‌లోకి వెళ్లే ముందు తెలుసుకోవాల్సినవి

120 హెర్ట్జ్ డిస్‌ప్లే, టచ్ శాంప్లింగ్ రేట్, వేపర్ ఛాంబర్ కూలింగ్... గేమింగ్ ఫోన్ రివ్యూ రాసిన ప్రతిసారీ ఈ లెక్కలన్నీ చెబుతుంటా. చివరికి నేను చూసేది మాత్రం ఒక్కటే: వేలు తగలగానే క్యారెక్టర్ కదిలిందా, లేదా? అయితే ఆ ఆలస్యమంతా ఫోన్ వల్లే రాదు. దూకే ముందు క్యారెక్టర్ ఎంతసేపు మోకాళ్లు వంచాలి, కత్తి పైకెత్తడానికి ఎన్ని ఫ్రేములు పట్టాలి, గన్ రీలోడ్ చేసేటప్పుడు చెయ్యి ఎంత వేగంగా కదలాలి... ఇవన్నీ ఒకరు కూర్చుని ముందే నిర్ణయించి పెడతారు. వాళ్లే గేమ్ యానిమేటర్లు.

"ఏ ఫోన్ కొనాలి?" తర్వాత ఇంటర్, డిగ్రీ స్టూడెంట్స్ నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న "గేమ్స్ తయారుచేసే ఉద్యోగం ఎలా వస్తుంది అన్నా?" అనే. చాలామంది దృష్టిలో యానిమేషన్ అంటే కార్టూన్ లేదా సినిమా వీఎఫ్ఎక్స్. గేమ్ యానిమేషన్ దారి వేరు. ఆ తేడా తెలియకుండా కోర్సులో చేరితే లక్షల రూపాయల ఫీజు, దానితోపాటు రెండు మూడేళ్ల టైమ్ పోయే ప్రమాదం ఉంది. అందుకే ముందుగా ఆ తేడా గురించి మాట్లాడుకుందాం.

సినిమాలో కెమెరా డైరెక్టర్‌ది, గేమ్‌లో మీది

2012లో వచ్చిన 'ఈగ' సినిమా మనందరం చూసిందే. ఈగకు మాటల్లేవు, మనిషిలా ముఖ కవళికలూ లేవు. కాళ్లు రుద్దుకోవడం, తల తిప్పడం లాంటి చిన్న కదలికలతోనే దాని పగ మనకు అర్థమవుతుంది. యానిమేషన్ బలం అదే. కానీ సినిమాలో ప్రతి షాట్‌కీ యాంగిల్ ముందే ఫిక్స్ అయి ఉంటుంది. ఆ కెమెరాకి బాగా కనిపిస్తే చాలు, వెనకవైపు నుంచి ఎలా ఉన్నా ఎవరూ చూడరు.

గేమ్‌లో అలా కుదరదు. కెమెరాని మీరు వెనక్కి తిప్పుతారు, కింద నుంచి చూస్తారు, గోడకి ఆనించి చూస్తారు. పైగా మీరు తర్వాత ఏం చేస్తారో యానిమేటర్‌కి తెలీదు. పరిగెత్తుతూ సడన్‌గా ఆగొచ్చు, దూకొచ్చు, గాల్లో ఉండగానే దెబ్బ తినొచ్చు. అందుకే గేమ్ యానిమేటర్ ఒక పొడవైన సీన్ బదులు చిన్న చిన్న ముక్కలు తయారుచేస్తారు: నిలబడటం, నడక, పరుగు, దూకడం, నేల మీద దిగడం, పడిపోవడం. నడక లాంటివాటిలో చివరి ఫ్రేము మళ్లీ మొదటి ఫ్రేముకి అతుకు కనిపించకుండా కలవాలి. దీన్నే లూప్ అంటారు. ఏ ముక్క నుంచి ఏ ముక్కకి వెళ్లొచ్చో చెప్పేది స్టేట్ మెషీన్. రెండింటినీ నున్నగా కలిపేది బ్లెండింగ్. ఈ రెండు పదాలు ఇంటర్వ్యూల్లో కచ్చితంగా వినిపిస్తాయి.

16.7 మిల్లీ సెకన్ల లెక్క

60 ఎఫ్‌పీఎస్ అంటే సెకనుకి 60 బొమ్మలు. ఒక్కో ఫ్రేముకి దొరికేది సుమారు 16.7 మిల్లీ సెకన్లు. ఈ అంకె మనకి రివ్యూల్లో అలవాటే. గేమ్ యానిమేటర్ పనంతా దీని మీదే నడుస్తుంది.

డిస్నీ యానిమేటర్లు ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో రాసిన 'ది ఇల్యూజన్ ఆఫ్ లైఫ్' పుస్తకంలో యానిమేషన్‌కి 12 సూత్రాలు చెప్పారు. వాటిలో ఒకటి యాంటిసిపేషన్, అంటే అసలు పనికి ముందు శరీరం సిద్ధం కావడం. దూకే ముందు మోకాళ్లు వంచుతాం, గుద్దే ముందు చెయ్యి వెనక్కి లాగుతాం. సినిమాలో దీనికి అర సెకను ఇచ్చినా అందంగానే ఉంటుంది. గేమ్‌లో అర సెకను అంటే 30 ఫ్రేములు. జంప్ నొక్కాక 30 ఫ్రేములు ఆగితే "ల్యాగ్ రా బాబూ" అని ఫోన్ పక్కన పడేస్తాం. అందుకే చాలా గేముల్లో ఆ ముందు భాగాన్ని కొన్ని ఫ్రేములకు కుదించి, బరువు, విసురు అన్నీ దెబ్బ పడ్డ తర్వాత చూపిస్తారు.

ఫైటింగ్ గేముల్లో ఇది పక్కా లెక్క. ప్రతి దెబ్బకీ మూడు భాగాలు ఉంటాయి: స్టార్టప్, యాక్టివ్, రికవరీ. స్ట్రీట్ ఫైటర్ 6లో ర్యూ లైట్ పంచ్ స్టార్టప్ 4 ఫ్రేములు, అంటే సుమారు 67 మిల్లీ సెకన్లు. హెవీ దెబ్బకి ఎక్కువ టైమ్ పడుతుంది కాబట్టి ఎదుటివాడు చూసి కాచుకోవచ్చు. డార్క్ సోల్స్‌లోనూ అంతే, పెద్ద కత్తి ఊపడం మొదలుపెట్టాక మధ్యలో వెనక్కి తీసుకోవడం కుదరదు. ఆ భయమే ఆ గేమ్ మజా. అంటే యానిమేటర్ ఫ్రేములు పెంచినా తగ్గించినా గేమ్ రూల్స్ మారిపోతాయి. కాబట్టి గేమ్ డిజైనర్, ప్రోగ్రామర్ పక్కనే కూర్చుని పనిచేయాలి. ఒంటరిగా అందమైన సీన్లు చేసుకోవాలనుకునేవాళ్లకి ఈ పని చిరాకు తెప్పిస్తుంది.

కదలిక ఎక్కడి నుంచి వస్తుంది?

1989లో వచ్చిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా కోసం జోర్డాన్ మెక్‌నర్ తన తమ్ముడు పరిగెత్తుతుంటే, దూకుతుంటే వీడియో తీసి, ఆ ఫ్రేముల ఆధారంగా బొమ్మలు గీశాడు. దీన్ని రోటోస్కోపింగ్ అంటారు. ఆపిల్ 2 కంప్యూటర్‌లో మెమరీ సరిపోక కొత్త శత్రువుకి బొమ్మలు పెట్టే చోటు లేకపోతే, హీరో ఫ్రేములనే కొద్దిగా మార్చి నీడ మనిషిని పుట్టించాడు. ఇప్పటికీ ఆ గేమ్‌లో అందరికీ గుర్తుండే శత్రువు వాడే.

ఇప్పుడు ప్రధానంగా మూడు దారులున్నాయి. ఒకటి, పోజులన్నీ చేత్తో పెట్టే కీఫ్రేమ్ యానిమేషన్. రెండు, నటుడి శరీర కదలికల్ని రికార్డు చేసే మోషన్ క్యాప్చర్. మూడు, చాలా మొబైల్ గేముల్లో కనిపించే 2డీ, దీనికి స్పైన్ లాంటి సాఫ్ట్‌వేర్లు వాడతారు. 2017లో యూబీసాఫ్ట్ తెచ్చిన ఫర్ ఆనర్‌లో మోషన్ మ్యాచింగ్ వాడారు. రికార్డు చేసిన బోలెడు కదలికల్లోంచి ఈ క్షణానికి ఏది సరిపోతుందో కంప్యూటరే వెతికి తీసుకుంటుంది. అలాగని యానిమేటర్ పని తప్పలేదు. ఏ కదలికలు రికార్డు చేయాలి, ఎక్కడ బాగుచేయాలి అన్నది మనిషే చూడాలి.

ఉద్యోగాల పేర్లు కూడా తెలుసుకోండి. ఆటలో కదలికలు చేసేది గేమ్‌ప్లే యానిమేటర్. మధ్యలో వచ్చే కథ సీన్లు చేసేది సినిమాటిక్ యానిమేటర్. తోలుబొమ్మకి కీళ్లు కట్టినట్టు 3డీ మోడల్‌కి ఎముకలు, కంట్రోల్స్ అమర్చేది రిగ్గర్. యానిమేషన్‌ని ఇంజిన్‌లోకి ఎక్కించి, పైథాన్ లాంటి కోడింగ్‌తో మిగతావాళ్ల పని తేలిక చేసేది టెక్నికల్ యానిమేటర్. బొమ్మలు గీయడం అంతగా రాదు, కోడింగ్ ఇష్టం అనేవాళ్లకి ఈ చివరి రెండు మంచి దారులు.

ఫీజు కట్టే ముందు 12 వారాలు

మా పిన్ని కొడుకు ఇంటర్ అయ్యాక ఒక ప్రైవేట్ ఇన్‌స్టిట్యూట్ నుంచి బ్రోషర్ తెచ్చాడు. బాబాయి ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసేయడానికి రెడీ అయిపోయాడు. సిలబస్ చూస్తే సగానికి పైగా వీడియో ఎడిటింగ్, లోగో డిజైన్. గేమ్ ఇంజిన్ అన్న మాట ఒకే ఒక్క చోట ఉంది. "ప్లేస్‌మెంట్ గ్యారంటీ అంట అన్నయ్యా" అన్నాడు. "పాత స్టూడెంట్స్ గేమ్ రీల్స్ మూడు చూపించమను" అన్నాను. వాళ్లు చూపించలేదు. అప్పుడు వాడికి ఈ ప్లాన్ ఇచ్చా.

మొదటి 3 వారాలు: బ్లెండర్ ఇన్‌స్టాల్ చేసి ఎగిరే బంతి, ఊగే లోలకం. బంతిని చూడగానే అది రబ్బరుదా, ఇనుముదా తెలిసిపోవాలి. బ్లెండర్ ఉచితం. 2025లో ఆస్కార్ గెలిచిన 'ఫ్లో' సినిమా చేసింది ఇందులోనే.

4 నుంచి 6: బ్లెండర్ స్టూడియో ఉచితంగా ఇచ్చే 'రెయిన్' రిగ్‌తో నడక లూప్.

7 నుంచి 9: ఒక లైట్ దెబ్బ, ఒక హెవీ దెబ్బ. ఫ్రేములు లెక్కపెట్టి రాసుకోవాలి. రిఫరెన్స్ కోసం ఫోన్ స్లో మోషన్‌లో మీ వీడియో మీరే తీసుకోండి.

10 నుంచి 12: వాటిని గొడో లేదా అన్‌రియల్ ఇంజిన్‌లోకి ఎక్కించి, బటన్ నొక్కితే కదిలేలా చేయడం.

దీనికి కొత్త గేమింగ్ ల్యాప్‌టాప్ అక్కర్లేదు. బ్లెండర్‌కి కనీసం 8 జీబీ ర్యామ్ కావాలి, నేర్చుకునే దశకి అది నడుస్తుంది. అన్‌రియల్ బరువైనది కాబట్టి మామూలు ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు గొడోతో మొదలుపెట్టండి. మావాడి క్యారెక్టర్ 5వ వారంలో కూడా ఐసు మీద జారినట్టే నడిచింది. 8వ వారానికి వాడికే తెలిసింది, తనకి నడక కన్నా "చెయ్యి ఎత్తితే భుజం ఎందుకు నలుగుతోంది" అన్న ప్రశ్నే ఎక్కువ నచ్చుతోందని. ఇప్పుడు రిగ్గింగ్, పైథాన్ నేర్చుకుంటున్నాడు. బాబాయి డిపాజిట్ బ్యాంకులోనే ఉంది.

పద్ధతిగా చదవాలనుకుంటే హైదరాబాద్ జేఎన్ఏఎఫ్ఏయూలో యానిమేషన్‌లో బీఎఫ్ఏ, డిగ్రీ తర్వాతైతే ఐఐటీ బాంబేలోని ఐడీసీలో యానిమేషన్ ఎండీస్ ఉన్నాయి. పెద్ద స్టూడియోల్లో ఎక్కువగా వాడే మాయాకి స్టూడెంట్లకు ఉచిత లైసెన్స్ దొరుకుతుంది.

స్టూడియోలు, రిస్కులు

ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కి హైదరాబాద్‌లో స్టూడియో ఉంది. యూబీసాఫ్ట్ పుణె, ముంబైలలో ఉంది. 1997లో బెంగళూరులో మొదలైన ధ్రువ ఇంటరాక్టివ్‌ని 2019లో రాక్‌స్టార్ కొనేసింది. పుణెకి చెందిన నాడింగ్ హెడ్స్ 2020లో 'రాజి' అనే గేమ్ విడుదల చేసింది. మన దగ్గర చాలా పని బయటి స్టూడియోల కోసం చేసేదే కాబట్టి, మొదటి రోజే మీ సొంత హీరోని చేస్తారని అనుకోవద్దు. మోషన్ క్యాప్చర్ డేటా శుభ్రం చేయడంతో మొదలు కావచ్చు.

రిస్కు కూడా చెప్పాలి. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ గేమింగ్ విభాగంలో 1,900 మందిని, ఆ తర్వాతి నెలలో సోనీ ప్లేస్టేషన్ సుమారు 900 మందిని తొలగిస్తున్నట్టు ప్రకటించాయి. మన దేశంలో 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేముల మీద నిషేధ చట్టం వచ్చింది కాబట్టి, చేరబోయే కంపెనీకి ఆదాయం ఎక్కడి నుంచి వస్తోందో అడిగి తెలుసుకోండి. మామూలు వీడియో నుంచి కదలికల్ని తీసే ఏఐ టూల్స్ కూడా వచ్చేశాయి. నడక రికార్డు చేయడం చౌక అవుతోంది. ఆ నడక బటన్‌కి ఎంత త్వరగా స్పందించాలో తేల్చే చెయ్యికి మాత్రం విలువ ఉంటుంది.

అందుకే మీ షోరీల్ ఒక నిమిషం దాటకుండా, బెస్ట్ పని ముందు పెట్టి, ఇంజిన్‌లో ఆడుతూ రికార్డు చేసింది చూపించండి. కెమెరా తిప్పి చూపించండి. రిగ్ ఎవరిదో, మీరు చేసింది ఏదో రాయండి.

ఈ రాత్రికే ఒక చిన్న పని చేయండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో డెవలపర్ ఆప్షన్స్ తెరిచి, టచ్ చేసిన చోట చుక్క కనిపించే సెట్టింగ్ ఆన్ చేయండి. మీ ఫేవరెట్ గేమ్‌లో పదిసార్లు దూకుతూ 60 ఎఫ్‌పీఎస్‌లో స్క్రీన్ రికార్డ్ చేయండి. ఎడిటింగ్ యాప్‌లో ఒక్కో ఫ్రేమూ జరుపుతూ, చుక్క కనిపించినప్పటి నుంచి కాలు నేల విడిచేదాకా ఎన్ని ఫ్రేములో లెక్కపెట్టండి. తర్వాత ఇంకో గేమ్‌తో పోల్చండి. బోర్ కొట్టకుండా అర్ధరాత్రి దాకా లెక్కపెడుతూ కూర్చున్నారా? అయితే రేపు పొద్దున బ్లెండర్ డౌన్‌లోడ్ చేసుకోండి.